నరసయ్య రాయి ఎత్తు

ఆత్మకూరు బస్టాండు దగ్గర కారం దోశ తిని, ఆరున్నరకు ఉదయగిరి బస్సెక్కాను. యుద్ధ స్మారకాలంటే నాకు పిచ్చి. ఫిరంగులు, సింహాలు, పాలరాతి పలకలు చాలానే చూశాను. జనం నెత్తి మీది బరువు దించుకోవడానికి కట్టిన స్మారకం ఒకటి దుత్తలూరు దగ్గర ఉందని విన్నాక ఇంట్లో కాలు నిలవలేదు.

పక్క సీటులో ఒక పొగాకు రైతు. నా కథంతా విని, "రాయి చూసేదానికా ఇంత దూరం! మా చేలోకి రా సామీ, కావాల్సినన్ని ఉండాయి" అన్నాడు.

దుత్తలూరులో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి తొమ్మిదైంది. రోడ్డు పక్కనే రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక బండ. మోపు ఎత్తుకొచ్చిన మనిషి ఎవరి సాయమూ లేకుండా దాని మీదికి జరుపుకునే ఎత్తులో నిలబెట్టినవట. బండ అంచున నరసయ్య పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో మూటలు మోయడానికి ఇరాక్‌లోని బస్రా వెళ్ళి, అక్కడే కన్నుమూసిన ఈ ఊరి మనిషి. బరువులు మోస్తూ పోయినవాడికి బరువు మోసే రాయి! ఇంత తెలివైన స్మారకాన్ని నేను మరెక్కడా చూడలేదు.

కానీ రాళ్ళను నడుమెత్తు అరుగు మీదికి ఎక్కించేశారు. దానికి మెరిసే టైల్సు, చుట్టూ స్టీలు రెయిలింగు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాను, అరుగు పక్కన కూర్చున్న అవ్వతో.

"నాదే. నరసయ్య మనవరాలిని, రమణమ్మని. మా తాత రాళ్ళకి మేకలు రాసుకుంటా ఉంటే మనసొప్పలా. సర్పంచి వెంటబడి ఎత్తు చేయించినాను." బండ వైపు చూసింది. "మోపు దించేటప్పుడు అందరూ 'నరసయ్య తాతా, పట్టుకో' అనేవాళ్ళు. ఇప్పుడు అందదు గదా, ఎవురూ అనరు. నేనుండగానే ఆ పేరు జనం నోట్లోంచి పోతా ఉండాది నాయనా."

అంతలో గడ్డిమోపుతో ఒకామె వచ్చింది. రెయిలింగు వైపు చూసి, ఆగకుండా వెళ్ళిపోయింది. అవ్వ ముఖం చూడలేకపోయాను.

"దించేయమనండి అవ్వా."

"పట్టుబట్టి ఎక్కించి, ఇప్పుడు దించమంటే ఊరు నవ్వదా?"

"నవ్వితే నవ్వనీండి!"

అవ్వ లేచి వెళ్ళి దించమనగానే, టీ కొట్టు దగ్గర సర్పంచి తల పట్టుకున్నాడు. "ఏందవ్వా ఇది, రిబ్బన్ కత్తిరించి నెల గూడా కాలా!"

"నీకు రిబ్బన్ ముఖ్యమా, మా తాత ముఖ్యమా రా?"

అతను నవ్వేసి, చెరువు పనిలో ఉన్న జేసీబీకి ఫోను చేశాడు. రమణమ్మవ్వ ఇంట్లో జొన్నసంగటి, పప్పు పెట్టింది. నాలుగు గంటలకల్లా అరుగు పగలగొట్టి రాళ్ళను పాత గుంతల్లోకి దించారు, మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. రెయిలింగు ముక్కల చుట్టూ అప్పుడే మేకలు చేరాయి.

పొద్దున వెళ్ళిన ఆమే మరో మోపుతో వచ్చింది. తల కాస్త వంచి మోపును బండ మీదికి జరిపింది. "నరసయ్య తాతా, పట్టుకో" అంది, ఎప్పటిలాగే. రమణమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడిశాయి.

ఆఖరి బస్సులో ఆత్మకూరుకు తిరిగొస్తూ ఒడిలో సంచి పెట్టుకుని కూర్చున్నాను. స్మారకం ఎలా ఉండాలో ఇక నన్నెవరైనా అడిగితే, తల ఎత్తి చూడక్కర్లేనంత ఎత్తులో ఉండాలంటాను. మీరూ వెళ్ళిరండి. చేతిలో సంచి ఉంటే ఆ బండ మీద పెట్టండి. పెట్టేటప్పుడు ఏమనాలో మీకు తెలుసు.