బొంత కప్పిన అన్నం

అది 2022 మే నెల. సూరత్‌లో ఆహార భద్రతా అధికారిగా నాకది ఆరో సంవత్సరం. హోటళ్లు, మిఠాయి దుకాణాలు, మెస్సులు తనిఖీ చేయడం, నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపడం, ఏది తినాలో ఎలా నిల్వ చేయాలో బస్తీల్లో చెప్పడం నా పని. మా నాన్న మగ్గం పని కోసం కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చినవాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్లోనే. అందుకే తెలుగువాళ్లున్న బస్తీలో పని పడితే పైవాళ్లు నన్నే పంపేవారు.

ఒక ఉదయం పాండేసరలో క్లినిక్ నడిపే డాక్టరు ఫోన్ చేశాడు. ముందురోజు రాత్రి పదకొండు మంది మగ్గం కార్మికులు వాంతులతో వచ్చారట. ఇద్దరికి ఇంకా సెలైన్ ఎక్కుతోంది. అందరూ వడోద్‌లో ఒకే మెస్సులో తిన్నారట. అది నర్సవ్వ మెస్సు. రెండు నెలల కిందట నేనే తనిఖీ చేసి, అన్నీ బాగున్నాయని రాసిచ్చాను.

నేను వెళ్లేసరికి గది ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. నర్సవ్వ గడపలో కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ల మనిషి. భర్త పోయాక ఒక్క గది, ఒక్క పొయ్యితో మెస్సు పెట్టుకుని బతుకుతోంది. ఇంటి యజమాని "ఖాళీ కరో" అని అరుస్తున్నాడు. కార్మికుల్లో పెద్దవాడు ఎల్లయ్య ముందుకొచ్చాడు. వాంతులతో పీక్కుపోయిన ముఖం.

"అందరం పడిపోయినం మేడం. ఆమెకు మాత్రం ఏం గాలే. మేం తిన్నది ఆమె తిన్లే. తెలిసే పెట్టిందా ఏంది?"

నర్సవ్వ లేచింది. లోపలికి పోయి, మిగిలిన అన్నం ఉన్న గంజు తెచ్చి నా ముందు పెట్టింది. "పారేయలే మేడం. మీరొచ్చి చూస్తరని ఉంచిన" అంది.

నమూనా తీసి సీలు వేశాక ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. ఇలాంటప్పుడు అందరూ ఏం తిన్నారని అడుగుతారు. నేను ఎప్పుడు తిన్నారని కూడా అడిగాను. పగలు డబ్బాలు పట్టుకెళ్లినవాళ్లకు ఏమీ కాలేదు. నర్సవ్వా పగలే తింది. షిఫ్టు దిగి సాయంత్రం ఏడు దాటాక తిన్నవాళ్లే పడిపోయారు. కూర సాయంత్రం కొత్తగా వండింది. పొద్దున వండి సాయంత్రం దాకా ఉంచి వడ్డించినది ఒక్క అన్నమే.

"పొద్దుగాల వండిన అన్నం మాపటిదాంక ఎట్ల ఉంచినవ్ అక్కా?"

"ఇదివరకు రెండుపూటల వండుతుంటి మేడం. మొన్న పక్క మెస్సు బంద్ అయితే ఇంకో పదిమంది వచ్చిండ్రు. ఒక్క పొయ్యి మీద ఎల్తలేదు. అందుకే ఒక్కపారే వండి, మూతవెట్టి, మీద బొంత కప్పుతున్న."

"బొంత ఎందుకు?"

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "మీరే చెప్పిండ్రు గద మేడం, వండింది వేడిగుంచాలె అని."

ఆ మాటలో నింద లేదు. చెప్పినట్టు చేశానన్న నమ్మకమే ఉంది. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

మా తనిఖీ ఫారంలో ఒక వరుస ఉంటుంది. వేడి ఆహారాన్ని అరవై డిగ్రీలకు పైనే ఉంచాలి. దానికి దిగువన, చల్లారుతున్న ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. రెండు నెలల కిందటి తనిఖీ రోజున, ఇంకా మూడు చోట్లకు పోవాలనే తొందరలో నేను "ఖానా గరం రఖ్‌నా" అని ఒక్క ముక్క హిందీలో అనేసి టిక్కు పెట్టాను. ఎంత వేడి, ఎంతసేపు అన్నది చెప్పలేదు. ఆమె అడగలేదు. అధికారిని ఎవరడుగుతారు?

బయటికి వచ్చి జరిగింది చెప్పాను. "వేడిగుంచమన్నది నేనే. ఎట్ల ఉంచాలెనో చెప్పలే. తప్పు నాది గూడ."

ఎల్లయ్య అన్నాడు: "మీరు చెప్పడం మర్చిపోతే మా పానాల మీదికొచ్చె గద మేడం."

నర్సవ్వకు ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇచ్చాను. అంటే లోపాలు రాసి, సరిదిద్దుకోవడానికి గడువిచ్చే కాగితం. అంతవరకు వంట ఆపమన్నాను. మగ్గాలకు సెలవున్న రోజు మళ్లీ వస్తానని, అందరూ ఉండాలని చెప్పాను.

ఆ సెలవు రోజు పొద్దున నర్సవ్వ ఎప్పటిలాగే వండి బొంత కప్పింది. అన్నంలోకి గుచ్చి చూసే సూది థర్మామీటరు నా దగ్గరుంది. దించగానే తొంభైకి దగ్గర. పగటి డబ్బాలకు పోయేంత, అంటే సగం, తీసేసి మూత పెట్టాం. మూడింటికి యాభై ఎనిమిది. అయిదింటికి ఎల్లయ్యను చెయ్యి పెట్టి చూడమన్నాను.

"మస్తు వేడిగున్నది మేడం. జర ఊదుకొని తినాలె."

"మీటర్ చూడు."

నలభై ఏడు. గుమిగూడినవాళ్లంతా వంగి చూశారు. మన చేతికి వేడి అనిపించేది అన్నాన్ని పాడుచేసే సూక్ష్మజీవికి హాయైన చోటని, దాని బీజాలు బియ్యంలోనే ఉంటాయని, ఉడికినా చావవని, గోరువెచ్చని గంజులో గంటల తరబడి ఉంటే మేలుకుంటాయని చెప్పాను.

నర్సవ్వ అడిగింది: "మల్ల పొయ్యి మీద పెట్టి మసల గాస్తే?"

"పురుగు చస్తది అక్కా. అది కక్కిన విషం చావదు."

ఆమె బొంత మడిచి పక్కన పెట్టింది. "అట్లయితే మాపటికి మల్ల వండుడే. కాని నాకు రెండు చేతులే ఉన్నయి" అంది.

ఎల్లయ్య అందుకున్నాడు. "కూరగాయలు మేం కోస్తం. షిఫ్టు లేనోళ్లు ఇద్దరిద్దరు వస్తరు. నువ్వు అన్నం సంగతి చూస్కో." గది ఖాళీ చేయించొద్దని ఇంటి యజమానితో కూడా అతనే మాట్లాడాడు.

రెండు వారాలకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అనుమానించిన సూక్ష్మజీవే. అప్పటికే నర్సవ్వ రెండుపూటలా వండడం మొదలుపెట్టింది. పడిపోయిన పదకొండు మందిలో ఎనిమిది మంది మొదటిరోజే తిరిగొచ్చారు. మిగతావాళ్లు తటపటాయించి ఆ తర్వాత వచ్చారు.

ఇప్పుడు నేను తనిఖీ ముగించే ముందు వంట చేసే మనిషిని ఒక్కటి అడుగుతాను. "నేను చెప్పింది విన్నావు గద. రేపు ఏం జేస్తవో నాకు చెప్పు." అలా అడిగాకగానీ నా మాటలు ఎన్ని రకాలుగా చేరుతున్నాయో తెలియలేదు. మిర్చీ బజ్జీలకు మూత పెట్టమంటే ఒకాయన పాత న్యూస్‌పేపర్ కప్పుతానన్నాడు. సిరా అంటుకుంటుందని అతనికి అప్పుడే చెప్పగలిగాను. ఒక నియమాన్ని చదివి వినిపించడం పని కాదు. అది ఎదుటి మనిషి వంటగదిలో ఏమవుతుందో తెలుసుకోవడమే పని.

పోయిన చలికాలం అమ్రోలిలో భోజనం డబ్బాలు కట్టే ఆడవాళ్లకు శిక్షణ పెట్టాం. నర్సవ్వను రమ్మన్నాను. ఆమె తనకు జరిగింది దాచకుండా చెప్పి, ముందు వరుసలో ఉన్న ఒక అమ్మాయిని అడిగింది: "పప్పు మిగిలింది. నువ్వేం జేస్తవ్?"

"ఫ్రిజ్‌ల పెడ్త."

"గంజు గంజే పెడ్తవా? నడుమ సల్లారనీకి ఎంతసేపు వడ్తది?"

అమ్మాయి ఆలోచించింది. "చిన్న చిన్న గిన్నెలల్ల పోసి పెడ్త, జల్ది సల్లారుతది" అంది మెల్లగా. ఆ మాట నేనింకా చెప్పలేదు. నర్సవ్వా చెప్పలేదు. ఆ అమ్మాయే కనుక్కుంది.