గోడకింద నా జాగా

భివండిలో ఉక్కపోతకే ప్రాణం పోతుంటే, మా ఇంట్లో గదిని వేడెక్కించే ఇనుప రేడియేటర్లు ఉండేవంటే ఎవరూ నమ్మరు. ఉండేవి. ఆ ఊళ్లోనే నార్పోలి పేటలో మేం తీసుకున్నది ఇల్లు కాదు, మూతపడ్డ సైజింగ్ షెడ్డు. అక్కడ నూలుకు గంజి పెట్టేవాళ్లు. వానాకాలంలో నూలు ఆరదు కాబట్టి బయట బాయిలర్ రాజేసి, ఆవిరిని గొట్టాల్లో లోపలికి పంపి, గోడ పొడవునా నిలబెట్టిన ఈ రేడియేటర్లను వేడిచేసేవాళ్లట. బాయిలర్ ఎప్పుడో పోయింది. ఇవి మాత్రం మిగిలాయి. ఒక్కొక్కటీ బర్రె అంత బరువు.

సగం షెడ్డును ఇల్లు చేసి, మిగతా సగంలో సాంచాలు, అంటే మరమగ్గాలు, వేయాలని మా ఆయన ఆలోచన. నాకు కావలసింది ఒక్కటే, నా మగ్గం దించుకునే జాగా. కరీంనగర్ దగ్గర మా అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న గుంటమగ్గం, విప్పి పాత చీరలో చుట్టింది, అటకమీద ఉంది. ఈ ఊళ్లో ఇతరుల సాంచాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ విసుగొచ్చింది. నేత మరిచిపోతానేమోనని లోపల భయంగా ఉండేది.

"గీ ఇనుపయన్ని పీకేసినంక గీ గోడకిందనే నీకు గుంట తవ్విస్త," అన్నాడు మా ఆయన. పక్కనే కూర్చున్న అత్తమ్మ తలూపింది.

ఆ ఒక్క మాట పట్టుకుని గొడ్డులా పనిచేశాను. తుప్పుపట్టిన బిగింపులు కదలకపోతే కిరసనాయిలు పోసి నానబెట్టాను. ఆయన పానా పెట్టి తిప్పుతుంటే, లోపల ఏళ్లుగా నిలవున్న నల్లనీళ్లు భళ్లున కారేవి. బకెట్లు పట్టి మోసి పారబోశాను. చీరలు పాడయ్యాయి. అయినా పాడుకుంటూ చేశాను, పిచ్చిదాన్ని. కిటికీ వెలుతురు ఎటు పడుతుందో చూసుకుని, గుంట ఎక్కడ రావాలో నేలమీద సుద్దతో గీసుకున్నాను కూడా.

అన్నీ ఊడాయి. తుక్కు లారీ వచ్చే రోజు పొద్దున అత్తమ్మ దగ్గరికొచ్చి, "నువ్వు పిండి పట్టించుకరా పో బిడ్డా, గీ బరువుల నడుమ నీకేం పని?" అంది. ఎన్నడూ లేని ప్రేమ. మురిసిపోయాను.

పిండి డబ్బా చంకన పెట్టుకుని తిరిగొచ్చేసరికి గోడ ఖాళీ. లారీ కాశేలిలోని తుక్కు గోదాముకు వెళ్లిపోయింది. ఇనుము పనిలో ఎన్నడూ విడవని మా ఆయన చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి. లోపల నేలమీద నా మగ్గం దుంగ పడి ఉంది, నేసిన బట్ట చుట్టుకునే గుండ్రటి కర్ర. రేడియేటర్లను లారీదాకా దొర్లించడానికి కింద వేసే గొట్టాలు చాలక, దీన్ని అటకమీంచి దించి వాటి కింద వేశారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చీలిపోయింది. దానిమీద తాజా పసుపు, కుంకుమ. పక్కన కాలిపోయిన అగరుబత్తి.

మా నేతవాళ్లలో మగ్గానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం, చెప్పులతో దగ్గరికి పోం. అందుకే ఆయన చెప్పులు విడిచాడు. అత్తమ్మ బొట్టు పెట్టింది. ఇద్దరూ దండం పెట్టుకున్నారు. ఆ తర్వాత దానిమీదికి ఇనుము ఎక్కించారు.

నా సుద్దగీత చెరిపేసి ఉంది. అక్కడ సాంచాల బోల్టులకు గుర్తులు పెట్టారు. ఈ గోడ నాకివ్వాలని వాళ్లు ఏనాడూ అనుకోలేదని అప్పుడు తెలిసింది.

"గిదేంది?" అన్నాను.

"దోషం తాకకుంట దండం పెట్టినమే. అమ్మ బొట్టు గూడ పెట్టింది."

"మరి నన్నెందుకడగలె?"

"అడిగితె వద్దంటవని."

నమ్మించి గొంతు కోసినవాడు ఇంత సత్యం పలుకుతాడనుకోలేదు. ఒళ్లు మండిపోయింది. అత్తమ్మ వైపు చూశాను. ఆమె నా చేతిలోని డబ్బా అందుకుని, జల్లెడ ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

ఆ ఏడు దసరాకు అదే గోడకింద సాంచాలకు పూజ చేశారు. అత్తమ్మ ఆ చీలిన దుంగను తెచ్చి గోడకు ఆనించి, కుంకుమ భరిణె నా చేతికిచ్చింది. "మీ అమ్మగారిది గద, నువ్వే పెట్టు."

భరిణె ఆమె చేతిలోనే తిరిగి పెట్టేశాను. ఆ దుంగ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దానికి నేను ఒక్కనాడూ బొట్టు పెట్టలేదు. బొట్టు పెట్టినవాళ్లు ఏం చేస్తారో చూసినదాన్ని.