గడప తొక్కని బండి

హిందూపురం ఐటీఐలో ఫిట్టరు పని నేర్పి రిటైరయ్యాను. రోజూ డైరీ రాసే అలవాటు నాకు ఉద్యోగం కంటే ముందునుంచీ ఉంది. ఇది రాయడానికి కూడా ఆ పేజీలే ముందు పెట్టుకున్నాను. జ్ఞాపకం మీద నాకు అంత నమ్మకం లేదు.

ధర్మవరంలో ఉండే మా అక్క పోగులు అతుకుతుంది. మగ్గం మీద ఒక పడుగు, అంటే చీరకు నిలువుగా పరిచే పోగుల వరుస, అయిపోతే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి కలపాలి. వేల పోగులుంటాయి. కూర్చుని చేసే పనే, కాళ్లతో అవసరం లేదు. కానీ మగ్గం ఎవరింట్లో ఉంటే వాళ్లింటికి పోవాలి. మిద్దె మీదనుంచి పడి నడుము దెబ్బ తిన్నాక అక్క కాళ్లు చచ్చుబడ్డాయి. వేళ్లకు ఏమీ కాలేదు. అయినా పని నిలిచిపోయింది, ఎందుకంటే ప్రతి ఇంటి ముందరా మెట్లే.

"మగోళ్లు ఇద్దరొచ్చి ఎత్తుకోని పోతామంటారు. నేనేమన్నా మూటనా? వద్దబ్బా, ఇంట్లోనే ఉంటా" అంది ఒకరోజు.

ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యం రాసుకున్నాను: మెట్లెక్కే బండి చేయాలి, దాన్ని ఒక్క ఆడమనిషి లాగగలగాలి.

అక్క పనికి పోయే తొమ్మిది ఇళ్లకూ టేపు పట్టుకుని తిరిగాను. మొత్తం నలభై మూడు మెట్లు. ఏ రెండూ ఒక్క ఎత్తులో లేవు. ఒకచోట అయిదు అంగుళాలు, దాని పైదే ఎనిమిదిన్నర. అన్నీ పట్టిక వేసుకున్నాను. బొమ్మ గీసుకుని హిందూపురంలో వెల్డింగు షాపు పెట్టుకున్న నా పాత శిష్యుడి దగ్గరకు వెళ్లాను. కుర్చీకి రెండు పక్కలా మూడు చేతుల ఇనుప చట్రం, ఒక్కో చేతి కొసకు ఒక చిన్న చక్రం. ఒక చక్రం మెట్టుకు తగిలి ఆగితే చట్రమంతా తిరిగి, పైనున్న చక్రం తర్వాతి మెట్టు మీద వాలుతుంది. బండిని వెనక్కి వంచి, వెనకనుంచి లాగాలి.

"సార్, ఇది కుర్చీనా, తిరునాళ్లలో తిరిగే రంగులరాట్నమా?" అన్నాడు శిష్యుడు. కానీ పని శ్రద్ధగా చేశాడు.

బండిని రైల్లో ధర్మవరం తీసుకుపోయి, అక్కను కూర్చోబెట్టి, మూడు వీధుల అవతల ఒక ఇంటికి తీసుకెళ్లాను. ఆ ఇంట్లో అప్పుడే కొత్త పడుగు తెచ్చి పెట్టుకున్నారు. అయిదు మెట్లు. ఇంటావిడే బండి పట్టుకుని లాగింది. చట్రం తిరిగింది, బండి ఎక్కింది. "అయ్యో, బిందె నీళ్లంత బరువు కూడా లేదే!" అని నవ్వింది. నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

పై మెట్టు మీదనుంచి వాకిలి వైపు లాగబోయేసరికి అక్క అరిచింది. "ఆపమ్మా! గడప తొక్కుతాది."

నిజమే. చట్రం తిరిగితే చక్రం వాలేది సరిగ్గా గడప మీదే. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టిన గడప.

"తొక్కితే ఏమయితాదిలే పెద్దమ్మా, చక్రమే గదా?" అంది ఇంటావిడ.

"నీ మగ్గానికి కొత్త పడుగు. గడప తొక్కి వచ్చి దాన్ని ముట్టుకుందునా? తిప్పు బండిని."

ఇంటావిడ నన్ను పక్కకు పిలిచింది. "వారం చూస్తాం, అన్నా. మగ్గం ఊరికే ఉంటే మాకు జరగదు. ఆ పైన వేరే మనిషిని పిలుచుకుంటాం."

తిరుగు రైల్లో పట్టిక తీసి చూసుకున్నాను. నలభై మూడు మెట్లున్నాయి, ఒక్క గడప కూడా లేదు. తొమ్మిది ఇళ్లలోకీ గడప దాటే వెళ్లాను, దాటే వచ్చాను. చిన్నప్పుడు అమ్మ చెప్పినట్టు ప్రతిసారీ కాలెత్తి అవతల వేశాను. కాలు మోపని దాన్ని మెట్టుగా నా కన్ను లెక్కపెట్టలేదు.

మొదట అక్క మీదే కోపం వచ్చింది. ఇనుప చక్రానికి మైల ఏమిటి? పెనుకొండ కొండ కనబడేసరికి ఆ కోపం తగ్గింది. కాళ్లు పోయాక ఆమె ఎన్నో వదులుకుంది. ఒకరింట్లోకి ఎలా అడుగుపెట్టాలో, ఆ పద్ధతిని కూడా నా బండి కోసం వదులుకోమనడం న్యాయం కాదు. తప్పు కొలతలో ఉంది, మనిషిలో లేదు.

మర్నాడు సంగతి విని శిష్యుడు నవ్వాడు. "సార్, పని మొదలుపెట్టకముందు జాగా పూర్తిగా చూడాలని మాకు చెప్పింది మీరే గదా!"

మళ్లీ ధర్మవరం వెళ్లి తొమ్మిది గడపలూ కొలిచాను. వాకిట్లో వంగి టేపు పట్టుకుంటే ఒక ముసలావిడ అడిగింది, "ఏమప్పా, గడపకు రవిక కుట్టిస్తాండావా?" గడపలూ ఒక్క ఎత్తువి కావు. అందుకని పొట్టి కాళ్లున్న చిన్న చెక్క వంతెన చేయించాను. కాళ్లకు రంధ్రాలు పెట్టి, బోల్టుతో ఎత్తు మార్చుకునేలా చేశాం. రెండు కాళ్లు గడపకు ఇవతల, రెండు అవతల. మధ్యలో గడపను ఏదీ తాకదు. పని అయ్యాక వంతెనను బండి వెనక కొక్కేనికి తగిలించుకోవచ్చు.

వారం గడువులో ఒక్కరోజు మిగిలి ఉండగా అదే ఇంటికి వెళ్లాం. ఇంటావిడ అయిదు మెట్లూ లాగింది. నేను వంతెన వేశాను. బండి దాన్ని ఇంకో మెట్టులా ఎక్కి లోపలికి దొర్లింది. అక్క పక్కకు వంగి గడపను చూసింది. పసుపు చెదరలేదు.

కుర్చీని తక్కువ ఎత్తులో చేశాను కాబట్టి చేతులు ఆనించి తనే చాప మీదికి దిగింది. మగ్గం ముందుకు జరిగి, పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, మొదటి పోగు అందుకుంది. రెండు, మూడు, నాలుగు. తర్వాత నా కన్ను ఆ వేళ్ల వేగాన్ని అందుకోలేకపోయింది. అలాగే చూస్తూ నిలబడిపోయాను.

"ఏమబ్బా, వెలుతురుకు అడ్డం నిలబడుకున్నావు" అంది తల ఎత్తకుండానే. "ఆ బండిని కూడా బయట పెట్టు. సాయంత్రం దాకా దాంతో నాకేం పని?"

బండిని రెండు చేతులా ఎత్తి, గడప దాటించి, బయట పెట్టాను.