ఒక్కదాన్నే వచ్చానండీ

ఆ రోజుల్లో మా వైపు పెళ్ళికాని ఆడపిల్ల ఒంటరిగా చేయగలిగిన అతి పెద్ద ప్రయాణం మా పెరటి గుమ్మం నుంచి పక్కింటి పెరటి గుమ్మం దాకా. అంతకు మించితే తోడు ఉండాల్సిందే. బడికైతే ఇరుగుపొరుగు పిల్లలు, సినిమాకైతే సగం వీధి. డెబ్బైల చివర్లో, బంటుమిల్లి దగ్గర మా ఊళ్ళో, పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై కూర్చున్న నాకు అది వింతగా కూడా అనిపించేది కాదు.

బందరులో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఉండేవారు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు వదలరు కాబట్టి ఆవిడ అందరికీ గొడుగు టీచరుగారు. తన పాత విద్యార్థినులను కూడగట్టి, ఏటా ఇద్దరు పల్లెటూరి అమ్మాయిలకు హాస్టలు, పుస్తకాల ఖర్చులిచ్చి కాలేజీలో చేర్పించేవారు. కౌలు చేసుకునే మా నాన్నకు నన్ను బందరులో ఉంచి చదివించే తాహతు లేదు. ఆ స్కాలర్‌షిప్పు వస్తే కాలేజీ, రాకపోతే కుట్టు మిషను. (మిషను మీద నాకేం కోపం లేదు. నేను కుట్టిన జాకెట్టును మా అమ్మ ఒక్కసారే తొడుక్కుంది, అంతే.) దరఖాస్తు పెట్టిన పదిహేను రోజులకు, మాట్లాడాలి రమ్మని ఆవిడ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. తన ఇంటికి దారంతా వివరంగా రాసి, చివర్లో కింద గీత గీసి మరీ ఒక ముక్క రాశారు: 'అమ్మాయి ఒంటరిగా రావలెను. వెంట ఎవరైనా వచ్చినచో మాట్లాడకుండానే తిప్పి పంపెదను.'

ఆ ముక్క చదివి వినిపించగానే మా నాయనమ్మ మంచం మీద కూలబడింది. "ఈడొచ్చిన పిల్లని బస్సెక్కించి చేతులు దులుపుకోమంటుందా ఆవిడ? ఆ చదువూ వద్దు, ఆ బందరూ వద్దు" అని తేల్చేసింది. నాన్న తల గోక్కున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు అందుకున్నాడు మా మావయ్య. గుడివాడ కోర్టులో ఒకసారి సాక్ష్యం చెప్పి వచ్చినప్పటి నుంచి మా ఊరికి ఆయనే లాయరు. కార్డు రెండుసార్లు చదివి, "బావా, వెంట రాకూడదన్నారు గానీ అదే బస్సులో వేరే పనిమీద ఇంకెవరూ రాకూడదని ఎక్కడైనా ఉందా? నేనూ అత్తయ్యగారూ మా పనిమీద మేం వెళ్తాం. ఈ పిల్లెవరో మాకు తెలీదు" అన్నాడు. ఆ తెలివికి ఇల్లంతా మురిసిపోయింది. నేనైతే మరీను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. మావయ్య గుర్తుపట్టకుండా ఉండడానికి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. ఎవరు గుర్తుపట్టకుండానో నేను అడగలేదు. నాయనమ్మ మాత్రం ఖాళీ సీట్లు అన్నీ వదిలేసి నా పక్కనే కూర్చుని, బస్సంతా వినపడేలా "ఏ ఊరమ్మా మీది? ఎవరమ్మాయివి?" అని పరిచయం మొదలెట్టింది. మా నాన్న పేరు చెప్పగానే, "ఆహా, మంచివాడని విన్నాను" అంది. పెడన దాటకుండానే సంచిలోంచి పులిహోర పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టి, "పొద్దున సరిగ్గా తినలేదు, తిను" అంది. ముందు సీట్లో ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగి, "తెలియనివాళ్ళు పెట్టింది తినకమ్మాయ్, రోజులు బాగా లేవు" అంది. నాయనమ్మకు ఒళ్ళు మండింది. "నా మనవరాలికి నేను పెట్టుకుంటే నీకేంటమ్మా మధ్యలో?" అనేసి, వెంటనే నాలిక్కరుచుకుని, "మనవరాల్లాంటిదని" అంది. ఇంతలో కండక్టరు వచ్చి టిక్కెట్లు అడిగితే, "మా ఇద్దరివీ ఆ నల్లకళ్ళద్దాలాయన తీసుకుంటాడు, ఆయనెవరో మాకు తెలీదు" అని చెప్పింది.

బందరులో దిగాక నేను ముందు, వాళ్ళు ఇరవై అడుగుల వెనక. కార్డులో దారి చూసుకుంటూ, కోనేరు సెంటర్లో ఇద్దరిని అడిగి, గొడుగు టీచరుగారి ఇల్లు పట్టుకున్నాను. ఆవిడ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "ఎవరొచ్చారు నీతో?" అన్నారు. "ఒక్కదాన్నే వచ్చానండీ" అన్నాను. లెక్కల్లో ఏదో అడిగారు, చెప్పాను. ఇంగ్లీషులో ఏదో అడిగారు, తడబడ్డాను. అయితే నా కళ్ళు కిటికీ బయటే ఉన్నాయి. అనుకున్న ప్రకారం ఎదురింటి అరుగు మీద కూర్చోవలసిన ఇద్దరూ లేరు. పావుగంటైనా రాలేదు. నాయనమ్మకు చదువు రాదు, కార్డు నా దగ్గరే ఉంది, మావయ్యకు గుడివాడ కోర్టుకు తప్ప ఎక్కడికీ దారి తెలియదు. నిజం చెబితే కాలేజీ పోతుంది. చెప్పకపోతే నాయనమ్మ ఈ ఎండలో ఎక్కడ తిరుగుతోందో! లేచి నిలబడి, "అబద్ధం చెప్పానండీ. మా నాయనమ్మ, మావయ్య వెనకాలే వచ్చారు. ఇప్పుడు కనపడటం లేదు. నేను వెళ్ళి వెతుక్కోవాలండీ" అని ఏడుస్తూనే బయటపడ్డాను. ఆవిడ ఏమన్నారో కూడా వినలేదు.

కిళ్ళీకొట్టు దగ్గర అడిగితే, "నల్లకళ్ళద్దాలాయన, ముసలావిడ? ఒక అమ్మాయి వెనకాల ఆ సందులోకి వెళ్ళారమ్మా" అన్నారు. సందు చివర అద్దకం పని చేసే ఒక సాయిబుగారి ఇల్లు. లోపలి నుంచి నాయనమ్మ గొంతు! నాది ఆకుపచ్చ ఓణీ, ఆ ఇంటి అమ్మాయిది నీలం. నల్లకళ్ళద్దాల్లోంచి మావయ్యకు రెండూ ఒకటే రంగు. నాయనమ్మకు కళ్ళద్దాలు లేకపోయినా అంతే. సెంటర్లో నేననుకుని ఆ అమ్మాయి వెనకే నడిచి ఇంటిదాకా వచ్చేశారు. సాయిబుగారు ముందు కేకలేశారట, నాయనమ్మ బావురుమనేసరికి కుర్చీ వేసి షర్బత్ ఇచ్చారట. నన్ను చూసి నాయనమ్మ లేచి, "ఎక్కడికి తప్పిపోయావే నువ్వు?" అని నన్నే తిట్టింది.

ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, రోడ్డు దాటించి వస్తుంటే గొడుగు టీచరుగారు గేటు దగ్గరే గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. మావయ్య కళ్ళద్దాలు తీసి, "తప్పు మాదేనండీ, మేమే దాని వెంట..." అని మొదలెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "మీరు దాన్ని తీసుకురాలేదండీ. అదే మిమ్మల్ని తీసుకొచ్చింది. నేను చూశాను" అన్నారు. తర్వాత నాయనమ్మతో, "నెలకోసారి వచ్చి చూసుకోండి. బస్టాండుకి అదే వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తుంది" అన్నారు. నేను మళ్ళీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో. కాలేజీలో ఉన్న రెండేళ్ళూ ప్రతి శనివారం ఆవిడ నన్ను పోస్టాఫీసుకో, బ్యాంకుకో, లైబ్రరీకో ఒంటరిగా పంపేవారు. తిరిగొచ్చాక ఎక్కడ భయమేసిందో చెప్పమనేవారు. నా చదువులో సగం ఆ శనివారాలే.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. ఆవిడ మొదలెట్టిన పని మేం కొందరం కలిసి నడుపుతున్నాం. మొన్నామధ్య హంసలదీవి వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది, వేళ్ళు నలుపుకుంటూ. అడక్కుండానే "ఒక్కదాన్నే వచ్చానండీ" అంది. బయట ఒకాయన అరగంట నుంచీ మా గేటు మీది బోర్డు చదువుతున్నాడు. బోర్డు మీద ఉన్నవి రెండే మాటలు. నేను పిల్లతో మాట్లాడటం ముగించి, రెండు గ్లాసుల మజ్జిగ తెప్పించి, ఒకటి తనని తాగమని, రెండోది బయటాయనకి ఇమ్మని ఆ పిల్ల చేతికే ఇచ్చాను. "అమ్మాయ్, వెళ్ళేటప్పుడు మీ నాన్నగారిని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళు" అన్నాను.