పద్నాలుగో బండిని ఆ వీధికి పంపొద్దు

మార్లిస్ హెగ్‌స్టాడ్‌కు అబద్ధం చెప్పే పేర్లంటే ఒళ్ళుమంట. హెరాన్ బేలో బతికేవాళ్ళకు ఇది చిన్న కష్టం కాదు. అక్కడ ఎవరింటి ఫ్రిజ్ తెరిచినా వెన్న డబ్బాలో వెన్న తప్ప అన్నీ ఉంటాయి. ఒకసారి చర్చి విందులో డబ్బా మీద మీగడ అని ఉంది కదా అని ఆపిల్ పై ముక్క మీద చెంచాడు వేసుకుని నోట్లో పెట్టుకుంటే, అది ఊరబెట్టిన హెర్రింగ్ చేప. మరుసటి ఆదివారం ఆమె చీటీలూ నల్ల పెన్నూ పట్టుకుని చర్చి వంటింట్లో దూరి, డబ్బాలన్నిటి మీదా ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టింది. పాస్టరుగారి భార్య చాలాకాలం మార్లిస్‌తో మాట్లాడలేదు. స్వహస్తాలతో చేశానని ఆవిడ చెప్పుకునే బంగాళదుంప సలాడ్ మీద ‘కొన్నది’ అని రాసి ఉంది మరి.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం, ఊళ్ళో రోడ్ల మీది మంచు తోసే ఒక కంపెనీలో, బండ్లను ఏ వీధికి ఎప్పుడు పంపాలో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాముకు ఆలనాపాలనా చూడడం. ఏళ్ళ తరబడి ఆ కంపెనీలోకి వచ్చినవాడల్లా దానిమీద ఓ చెయ్యి వేసి పోయాడు. ఒకే లెక్క ఐదు చోట్ల ఉండేది. ఒకచోట సరిచేస్తే తక్కిన నాలుగూ పాత పాటే పాడేవి. ‘తాత్కాలికం’ అని పేరు పెట్టిన అంకె ఒకటి శాశ్వతంగా కాపురం పెట్టేసింది. ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఒట్టు, ఇదే చివరిది’ అని మూడు ఫైళ్ళుండేవి. పనిచేసేది నాలుగోది. అవి చూసినప్పుడల్లా మార్లిస్‌కు హెర్రింగ్ రుచి గుర్తొచ్చేది.

కంపెనీ యజమాని వెండెల్ ఆహోకు మాత్రం ఏ బాధా లేదు.

"నడుస్తోందిగా, దాని మానాన దాన్ని ఉండనీ."

"నడవట్లేదు వెండెల్, పాకుతోంది."

"పాకితే నీకేం పోయింది? వీధులు శుభ్రమవుతున్నాయిగా."

"రేపు ఇందులో ఏదన్నా మార్చాల్సొస్తే ఎక్కడ ముట్టుకోవాలో నీకు తెలుసా?"

"తెలీదు. అందుకే ముట్టుకోను."

పోరగా పోరగా చివరికి వెండెల్ ఒక మాటన్నాడు. "సరే, బాగుచెయ్. మొదటి పెద్ద మంచుకి ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే ప్రోగ్రాం మొత్తం నీదే, నేను వేలు పెట్టను. ఒక్కటొచ్చిందా, ఇక జన్మలో దాని జోలికి రావు. ఫోన్ల దగ్గర కూర్చుంటావ్."

"ఫోన్ల దగ్గరా? నాకు మనుషులు పడరని తెలుసుగా."

"తెలుసు కాబట్టే."

ఆకులు రాలే కాలమంతా మార్లిస్ తల ఎత్తలేదు. ఐదు లెక్కల్ని ఒకటి చేసింది. పేర్లన్నిటికీ నిజం నేర్పింది. అంతా అయిపోయాక ప్రోగ్రాములో అర్థంకాని వరుస ఒక్కటి మిగిలింది. ‘పద్నాలుగో బండిని సీడర్ లేన్‌కు పంపొద్దు’ అని దాని అర్థం. పక్కనే ‘ముట్టుకోవద్దు’ అని ఒక హెచ్చరిక. ఎందుకో రాసి లేదు.

అది రాసినవాడు రిటైరై అరిజోనాలో గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. ఫోన్ చేసింది. "పద్నాలుగా? ఏమో, గుర్తులేదు. ఇక్కడ ఎండ ఎంత బావుందో తెలుసా" అని పెట్టేశాడు. సీడర్ లేన్‌కు స్వయంగా వెళ్ళి చూసింది. బండికి అడ్డొచ్చే వంతెన లేదు, ఇరుకు లేదు. ఆ వరుస తీసేసి, పోయిన చలికాలపు మంచు లెక్కలన్నీ ప్రోగ్రాముకు మళ్ళీ తినిపించి చూసింది. లెక్క ప్రకారం ఊరు ఇంకా తొందరగానే శుభ్రమైంది. ఇంకేం, తీసేసింది.

మొదటి పెద్ద మంచు పడింది. పొద్దుటి నుంచి ఫోన్ కిక్కురుమనలేదు. భోజనాల వేళకు మోగింది. వెండెల్ మొహం చాటంత చేసుకుని స్పీకరు నొక్కాడు.

"సీడర్ లేన్ నుంచి లవాన్ స్కోగెన్ని మాట్లాడుతున్నా. మా వీధికి పద్నాలుగో బండిని పంపింది మీ కంప్యూటరేనా?"

మార్లిస్ కుర్చీలోంచి లేచింది.

"మాదేనమ్మా" అన్నాడు వెండెల్ తీయగా.

"దాన్ని తోలేది ఎవరో తెలుసా? వెర్లిన్. నా మాజీ మొగుడు. విడాకులైన ఏడాది మంచు తోసినప్పుడల్లా రోడ్డు పక్కనున్న నా పోస్టు డబ్బాని గుద్ది పడేసేవాడు. అడిగితే చెయ్యి జారిందనేవాడు. నేను వెళ్ళి గోల చేశాక ఆ బండి మళ్ళీ ఈ వీధి మొహం చూళ్ళేదు."

ఈ ముక్క పక్కన రాసి చావచ్చుగా, అని అరిజోనా వైపు తిరిగి మనసులో తిట్టుకుంది మార్లిస్.

"పొరపాటైందమ్మా. చేసిన మనిషి ఇక్కడే ఉంది. ఇకమీదట ఫోన్ల దగ్గరే..."

"ఉండవయ్యా, నన్ను చెప్పనీ. ఇవాళ ఆయన బండి దిగాడు. పార తీసి నా వాకిలంతా తోశాడు. పోస్టు డబ్బా చుట్టూ మంచు చేత్తో తీశాడు. టోపీ తీసి, తప్పయిందన్నాడు. ఇన్నేళ్ళకి. లోపలికి పిలిచి మాంసం, బంగాళదుంపలేసి కాల్చిన హాట్‌డిష్ పెట్టాను. ఇంకా తింటూనే ఉన్నాడు."

వెనక పళ్ళెం గీకుతున్న చప్పుడు వినిపించింది.

వెండెల్ మొహం వాడిపోయింది. "మరి మీ ఫిర్యాదేంటమ్మా?"

"ఫిర్యాదని ఎవరన్నారు? ఆ పొరపాటేదో మళ్ళీ మంచు పడ్డప్పుడు కూడా చెయ్యమని చెప్దామని."

మార్లిస్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. వెర్లిన్ అక్కడ తింటున్నాడంటే, బండి ఆగే ఉంది. దాని తరవాతి వీధులు మంచులో ఉన్నాయి. ఆ వీధుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక్క అంగలో వెళ్ళి రిసీవరు ఎత్తింది.

"అమ్మా లవాన్, తిన్నది చాలు, ఆయన్ని బండెక్కమను. ఈసారి నుంచి మీ వీధి ఆయనకి ఆఖరున పెడతా. తీరిగ్గా తినొచ్చు."

"రెండోసారి వడ్డించా ఇప్పుడే."

"డబ్బాలో పెట్టివ్వు తల్లీ. ఏ డబ్బా అయినా సరే."

బండి కదిలింది. మళ్ళీ ఫోన్ మోగలేదు. ఒకరి కోసం ప్రత్యేకంగా రాసే వరుసలంటే పడని మార్లిస్, ఆ మధ్యాహ్నం తానే ఒకటి రాసింది. పక్కన ఇలా పెట్టింది: ‘పద్నాలుగో బండికి సీడర్ లేన్ ఆఖరున రావాలి. కారణం: వెర్లిన్ అక్కడ భోంచేస్తాడు. లవాన్ పోస్టు డబ్బా గురించి ఫోన్ చేస్తే ఈ వరుస తీసేయండి.’

వెండెల్ ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. "ఈ ప్రోగ్రాంలో నాకు అర్థమైన మొదటి వరుస ఇదే" అన్నాడు. అన్న మాట ప్రకారం, మళ్ళీ వేలు పెట్టలేదు.

ఆ వరుస ఇప్పటికీ అక్కడే ఉంది. కాకపోతే మంచు పడ్డ రోజున ఆఫీసు ఫోన్ మోగితే, మనుషులు పడని మార్లిస్ అందరికంటే ముందు పరిగెత్తి ఎత్తుతుంది. పోస్టు డబ్బా గురించి కాదని తెలిసేదాకా ఆమెకు ఊపిరాడదు.