హుసేనప్ప సారు, ఆఖరి వీధి ట్యాంకరు

నిన్న సాయంత్రం మిద్దె మీద కాలిన కడప బండల మీద నీళ్లు చల్లాను. సుయ్యిమని ఆవిరి లేచింది. దాంతోపాటు నా కోపమూ లేచింది. హుసేనప్ప సారు మీద కోపం. మనిషి పోయినా అది మాత్రం వేంపల్లె ఎండలాగా తగ్గనంటోంది.

ఆయన నా మొదటి యజమాని. ఆఫీసంటే వేంపల్లెలో మిద్దె మీద ఒక గది, గుర్రంలా సకిలించే ఫ్యాను. ప్రోగ్రాం ఏదైనా ముందు నేల మీది నల్లబండల మీద సుద్దముక్కతో రాయాలి. ఒకటైతే మెట్లు దిగి చికెన్ అంగడి దాకా పోయింది, ఒట్టు! ముందు రూబీ అనే కంప్యూటర్ భాషలో, పక్కనే పైతాన్‌లో. రూబీది ఉదార స్వభావం. వరుసలు ఎంత వంకరపోయినా, చివర ‘ఎండ్’ అంటే పని ముగిసిందని ఒప్పుకుంటుంది. పైతాన్‌కు ‘ఎండ్’ లేదు. ఒక పనికి చెందిన లోపలి వరుసలన్నీ ఒక బండ కుడికి జరగాలి, జరగనిది బయటిదే.

"ఖాళీ జాగాకు ఇంత పెత్తనమేంది సార్?" అని మండిపడేవాణ్ని.

"ఏమప్పా, చేనికి గట్టు ఉండదా? ఆ జాగానే గట్టు" అనేవాడు.

ఆ ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల యజమాని ఒకాయన, ప్రతి వీధి పేరూ తీసుకుని డ్రైవరుకు కబురు పంపే ప్రోగ్రాం అడిగాడు. పైతాన్‌లోనే కావాలన్నాడు, ఎవరో గొప్పగా చెప్పారట. అది కుదిరితేనే మా ఆఫీసు నిలబడేది. సారే స్వయంగా రాశాడు. జన్మంతా రూబీ రాసిన చెయ్యి! కబురు పంపే వరుసను ఎడమకే వదిలేసింది. అది బయటిదైపోయి, ప్రతి పేరుకూ నడవాల్సింది పేర్లన్నీ తిరిగాక ఒక్కసారే నడిచింది; ఆఖరి వీధికి ఒక్కదానికే కబురు పోయింది. ఆ వీధి ఎవరిదనుకున్నారు? సారుది!

తెల్లారేసరికి లోకంలోని ఖాళీ బిందెలన్నీ మా మెట్ల మీదే.

"మీ వీధికి మాత్రం ట్యాంకరు వచ్చిండాదే! మేము మనుషులం కాదా?" ఒకామె గర్జించింది.

"సర్వర్ పోయిందనండి సార్, ఎవురికి తెలుస్తాది?" అని ఆయన చెవిలో ఊదాను.

ఆయన నన్ను పక్కకు తోశాడు. "తప్పు నాదేమ్మా. నేనే రాసినా, సరిగా సూసుకోలా."

మధ్యాహ్నానికి ట్యాంకర్ల యజమాని పని వెనక్కు తీసుకున్నాడు.

"ఆ ఒక్క మాట మన కూడు తినేసె గదా సార్!" అని అరిచాను.

"యాడికి పోతాదప్పా, ఇంకోటి వస్తాది."

రాలేదు. వానలు పడకముందే ఆఫీసు మూతపడింది.

ఇప్పుడు కర్నూలులో నాకే ఒక ఆఫీసు ఉంది. మొన్న మా ప్రోగ్రాం తప్పి, ఒక పెద్ద కస్టమరు ఫోన్లో నిప్పులు కురిపించాడు. నా నోట్లో పది చక్కని అబద్ధాలు బారులు తీరి నిలబడ్డాయి. తీరా నోరు తెరిస్తే, వాటన్నిటినీ తొక్కుకుంటూ నిజమే బయటికొచ్చింది. కస్టమరు పోయాడు. ఎవరిని నిలదీయను? ఇంత పెద్ద జిల్లాలో ఈ రోగం అంటించడానికి నేనే దొరికానా సారూ!