బొండాం వద్దన్న ఇల్లు

రావులపాలెంలో ఎవరికి ఏ జబ్బు చేసినా జనానికి తెలిసిన మందులు రెండే. కొబ్బరి బొండాలు, అరటిపళ్ళు. జ్వరమొచ్చినా అవే, కాలు విరిగినా అవే, కంటికి ఆపరేషనైనా అవే. చేతులూపుకుంటూ వచ్చి రోగిని చూసి వెళ్ళిపోవడం మావైపు మర్యాద కాదు. మా ఆయనకి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తెలిసిన వారంలోనే మా హాల్లో ఒక మూల బొండాల గుట్ట లేచింది, ఇంకో మూల చక్కెరకేళి గెలలు చేరాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూస్తే పెళ్ళివారి విడిది అనుకునేవారు.

ఆ రెండూ ఆయన పాలిట విషం.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. ఆయనది అరటి మార్కెట్లో గెలల వ్యాపారం. పెళ్ళయిన కొత్తలో నేను నీళ్ళ పాఠానికి నోట్సు రాసుకుంటుంటే భుజం మీదుగా తొంగిచూసి తెగ నవ్వారు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో కాలవలు, అయినా నీళ్ళంటే ఏంటో చెప్పడానికి మనిషిని పెట్టి జీతమిస్తున్నారా అని ఆశ్చర్యపోయారు. మార్కెట్లో కూడా ఆ మాట చెప్పి అందరినీ నవ్వించారట.

నీళ్ళ పాఠం నాకు కంఠతా వచ్చు. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం ఉంటాయి. అందుకే ఉప్పు వేస్తే దాన్ని రెండుగా విడదీసి చెరోవైపు పట్టుకుంటుంది. పంచదార, యూరియా, పొటాష్, ఏది వచ్చినా చాలావరకు లోపలికి రమ్మంటుంది. మన గోదావరి ఇళ్ళలాగా అంటే పిల్లలు నవ్వేవారు. రక్తంలో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి తిండీ, లవణాలూ, ఒంట్లో తయారయ్యే చెత్తా అన్నీ అందులో కలిసి తిరుగుతాయి. అలా కలుపుకునే గుణం లేకపోతే ప్రాణమే లేదు. అన్నీ కలిసిపోయిన ఆ నీళ్ళలోంచి అక్కర్లేనివి ఏరి బయటపడేసేవి కిడ్నీలు. ఇంతవరకు చెప్పి బెల్లు కొట్టగానే వచ్చేసేదాన్ని. ఆ ఏరేవి పని మానేస్తే ఏమవుతుందో సిలబస్‌లో లేదు.

డాక్టరు గారు చెప్పారు. మూత్రం దాదాపు ఆగిపోయింది కాబట్టి తాగిన నీళ్ళు బయటికి వెళ్ళే దారి లేదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. కొబ్బరినీళ్ళలో, అరటిపళ్ళలో దండిగా ఉండే పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకోవడం ఆగిపోవచ్చు. వారానికి మూడుసార్లు రాజమండ్రి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి, మిగతా రోజుల్లో నోరు కట్టుకోవాలి. రోజు మొత్తానికి ఒక చిన్న సీసా నీళ్ళు. టీ, మజ్జిగ, చారు ఏది పుచ్చుకున్నా ఆ సీసాలోంచి తగ్గించాల్సిందే. ఇంటికొచ్చాక ఇదంతా ఆయనకి మళ్ళీ బొమ్మ గీసి వివరించాను. బుద్ధిగా విన్నారు. అంతా అయ్యాక పుచ్చకాయ తిండి కిందకొస్తుందా, నీళ్ళ కిందకొస్తుందా అని అడిగారు.

నా వంట కూడా మారిపోయింది. కూరగాయలు సన్నగా తరిగి, బోలెడన్ని నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు పోపు వెయ్యాలి. పొటాషియం నీళ్ళలోకి దిగిపోతుంది. దాంతోపాటు రుచి కూడా దిగి సింకులో పడేది. ఒకరోజు కంద కూర రెండు ముద్దలు తిని, ఇక నుంచి వార్చిన నీళ్ళు తనకి పోసి కూర నన్ను తినమన్నారు. దాహం మరీ ఎక్కువైతే చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టేదాన్ని. ఐసు కరగడానికి చాలా వేడిని లాక్కుంటుంది, అందుకని గుక్కెడు నీళ్ళ కంటే చిన్న ముక్క నోటిని ఎక్కువసేపు చల్లగా ఉంచుతుంది. మేడమ్ గారి ప్రయోగాలకి నేనే దొరికానా అంటూ కళ్ళు మూసుకుని చప్పరించేవారు. డయాలసిస్ మిషనుకి మాత్రం శుద్ధి చేసిన నీళ్ళు డ్రమ్ముల కొద్దీ కావాలి. దాన్ని చూసి ఆయనకి కుళ్ళు. అడిగినన్ని పోస్తున్నారు దీనికి, పెట్టి పుట్టింది అనేవారు.

బొండాలు మాత్రం ఆగలేదు. వచ్చినవాళ్ళకల్లా దణ్ణం పెట్టి, పొటాషియం గురించి చెప్పి, కాయలు తిరిగి ఇచ్చేసేదాన్ని. వాళ్ళు నా మాట చివరిదాకా విని, "ఆయ్, అలాగేనండి" అని, కాయలు గుమ్మం పక్కన పెట్టి వెళ్ళేవారు. కొన్నాళ్ళకి మొగుడికి మంచినీళ్ళు కూడా ఇవ్వదంట అన్న మాట మార్కెట్ నుంచి చక్కర్లు కొట్టి మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌కి చేరింది. చదువుకున్న పెళ్ళాం కదా, సీసాతో కొలిచి పోస్తుందంట అని కూడా చేర్చారు. అది నిజమే కాబట్టి నాకు మరీ ఒళ్ళు మండింది.

ఇలా ఉండగా చిన్నమావయ్యగారు వచ్చారు. మా ఆయనకి చిన్నాన్న. తండ్రి చిన్నప్పుడే పోతే పెంచి, చదివించి, మార్కెట్లో కూర్చోబెట్టింది ఆయనే. గోదావరి మధ్య లంకలో ఉన్న తన తోటలో, తను నాటిన చెట్టు నుంచి దగ్గరుండి బొండాలు దింపించి, బండికి కట్టుకుని వచ్చారు. మా వరండాలో చతికిలబడి, కత్తితో ఒక కాయ చెక్కి మా ఆయన చేతికి అందించబోయారు. నేను అడ్డం వెళ్ళాను.

"వద్దండి మావయ్యగారూ. డాక్టరు గారు అస్సలు వద్దన్నారండి."

"కొబ్బరినీళ్ళమ్మా. పురిటిపిల్లకి కూడా పట్టిస్తాం" అన్నారు.

పొటాషియం అన్నాను, గుండె అన్నాను. వరండాలో ఇంకో నలుగురున్నారు, వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మావయ్యగారు నా వంక చూడలేదు. చెక్కిన కాయని అక్కడే నేల మీద పెట్టి లేచి వెళ్ళిపోయారు. కాయ ఒరిగిపోయి నీళ్ళన్నీ గచ్చు మీద పారాయి. మా ఆయన ఆ తడి వంక చూస్తూ కూర్చున్నారు. నన్ను పెంచిన మనిషి చేతిలోది నేలపాలు చేశావు అన్నారు.

చిన్నమావయ్యగారు మళ్ళీ మా గడప తొక్కలేదు. మా ఆయన జబ్బుకి కుంగనంతగా దానికి కుంగిపోయారు. గేటు చప్పుడైతే తల తిప్పి చూసేవారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. ఆయన ప్రాణాలు నిలబెట్టాలని నేను కాపలా కాస్తుంటే, ఊరి లెక్కలో ఆ ప్రాణాలు తియ్యడానికి దాపురించింది నేనే అయ్యాను.

ఆ రోజు క్లాసులో ఐసు నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో చెబుతున్నాను. చలిదేశాల్లో చెరువు పైన మంచు తేలబట్టే కింద చేపలు బతుకుతాయి. పుట్టి బుద్ధెరిగాక మంచు మొహం చూడని పిల్లలు శ్రద్ధగా రాసుకుంటున్నారు. ఫోన్ మోగింది. చిన్నమావయ్యగారు.

"అమ్మాయ్, వీడికి కాళ్ళు నిలబడట్లేదు. కారులో పడుకోబెట్టాను. రాజమండ్రి పోతున్నాం, జొన్నాడ దాటాం. నువ్వొచ్చెయ్."

ఏం తాగారని అడిగాను. అవతల ఫోన్ పెట్టేశారు.

బయటికొచ్చి దొరికిన బస్సెక్కాను. జొన్నాడ వంతెన మీద కిటికీలోంచి గౌతమి కనబడింది, ఒడ్లు ఒరుసుకుంటూ, ఎర్రగా. పుట్టినప్పటి నుంచి ఆ నదిని చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టేదాన్ని. ఆ రోజు మొహం తిప్పుకున్నాను.

నేను వెళ్ళేసరికి ఆయన మిషను మీద ఉన్నారు. గుండె తప్పుగా కొట్టుకుంటోందని ఇంజక్షన్ ఇచ్చి వెంటనే డయాలసిస్ మొదలుపెట్టారట. చిన్నమావయ్యగారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. జరిగింది ఆయనే చెప్పారు. మా ఆయన నేను కాలేజీకి వెళ్ళాక ఆటో కట్టించుకుని తోటకి వెళ్ళారు. నీ కోపం పోవాలంటే ఏం చెయ్యమంటావు బాబాయ్ అని, జవాబు కోసం ఆగకుండా కాయ కొట్టమన్నారు. ఒకటి తాగి, ఇంకోటి అడిగారు. తర్వాత కబుర్లు చెప్పుకుంటూ లేవబోతే కాళ్ళు సహకరించలేదు.

అందులో ఏముందమ్మా అని అడిగారు. నా నోటికి పొటాషియం అన్న మాటే రాబోయింది. ఆ మాట ఆ ఊళ్ళో ఎవరి బుర్రకీ ఎక్కలేదన్న సంగతి అప్పటికి నాకు తెలిసింది.

"పొటాష్ అండి."

"పొటాషంటే? మనం మొక్కలకి వేసేదేనా?"

"అదేనండి. నీళ్ళలో కరుగుతుంది. వేరు పీల్చుకున్న నీళ్ళే దాన్ని కాయ దాకా మోసుకొస్తాయి. మనకైతే ఎక్కువైంది బయటికి పోతుంది. ఈయనకి పోదండి, రక్తంలోనే ఉండిపోతుంది."

ఆయన అరచేతులు చూసుకున్నారు.

"ఆ చెట్టు మొదట్లో పొటాష్ నేనే వేశానమ్మా. నీళ్ళు తియ్యగా ఉంటాయని, ఇంకో గుప్పెడు ఎక్కువే వేశాను."

ఆ మనిషి మీద పెంచుకున్న కోపమంతా అక్కడే పోయింది. పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి గండం గడిచిందని డాక్టరు గారు చెప్పారు. ఇద్దరం ఒకేసారి లేచాం.

మా ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాక, కాస్త కోలుకున్నారని తేలాక, దులిపేశాను. పెద్దాయన మనసు నొచ్చుకుందని ప్రాణం మీదికి తెచ్చుకుంటారా, ఇదేం మర్యాదండీ అని నిలదీశాను. ఆయన అంతా విన్నారు.

"మొదటిది బాబాయి కోసమే తాగాను. రెండోది నా కోసం" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు చిన్నమావయ్యగారు రోజు విడిచి రోజు వస్తారు, ఖాళీ చేతులతో. పాపం, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియదు. ఒకసారి వెనక్కి కట్టుకుంటారు, ఒకసారి జేబులో దూరుస్తారు. చివరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, బొండాలతో వచ్చేవాళ్ళని అక్కడే ఆపి, పొటాషండీ బాబూ, గుండె పట్టేస్తదంటండి అని వెనక్కి పంపడం మొదలుపెట్టారు. నా ఎమ్మెస్సీకి లొంగని ఊరు ఆయన మాటకి ఠక్కున లొంగింది. మార్కెట్లో కొందరు తమకి కూడా పొటాష్ ఎక్కువైందేమోనని పరీక్షలు చేయించుకున్నారు.

నాకు మాత్రం ఒక కొత్త జబ్బు పట్టుకుంది. మా ఆయన ఎదుట నీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయేదాన్ని. ఆ రెండో బొండాం మాట చెవిలో పడ్డప్పటి నుంచీ అంతే. భోజనం దగ్గర నా కంచం పక్కన నీళ్ళు పెట్టుకోవడం మానేశాను. పొద్దున్నుంచీ పాఠాలు చెప్పి, ఎండలో ఇంటికొచ్చి, పెరట్లో బట్టలుతికే బండ వెనక్కి వెళ్ళి, సీసా ఎత్తి గబగబా తాగేదాన్ని. ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం అలాగే తాగుతుంటే వెనక అలికిడైంది. గోడ పట్టుకుని ఆయన నిలబడి ఉన్నారు. నోట్లో నీళ్ళతోనే సీసా చీర వెనక్కి పెట్టాను. కాపీ కొడుతూ దొరికిపోయిన మా పిల్లలు కూడా ఇంతకంటే తెలివిగా దాస్తారు.

"దాచకు. ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాను. అన్నం దగ్గర ఎక్కిళ్ళొచ్చినా నీళ్ళు ముట్టవు" అన్నారు.

నేనేమీ అనకముందే లోపలికి వెళ్ళారు. వంటింట్లో కుండ మూత చప్పుడైంది. పరిగెత్తి వెళ్ళేసరికి ఆయన చేతిలో పెద్ద స్టీలు గ్లాసు, నిండా నీళ్ళు. అంచు మీద నీళ్ళు కాస్త పైకి ఉబ్బి ఉన్నాయి, అయినా ఒలకలేదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి అలా నిలబడతాయి, అదీ పాఠంలో ఉంది. ఆయన చెయ్యి వణకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి నా చేతికిచ్చారు.

"నా ముందు తాగు. దాహమేసిన మనిషి కడుపునిండా తాగుతుంటే చూసి చాలా కాలమైంది."

వద్దండీ అన్నాను. తాగు అన్నారు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

గ్లాసు ఎత్తాను. ఆయన చూపు నా గొంతు మీదే ఉంది. నేను గుటక వేసినప్పుడల్లా ఆయన గొంతు కూడా, ఏమీ లేకుండానే, కదులుతోంది. సగం అయ్యేసరికి నా వల్ల కాలేదు. గ్లాసు దించాను.

"ఆపకు. ఇంకా సగముంది" అన్నారు.

మళ్ళీ ఎత్తి మొత్తం తాగాను.